అయస్కాంతానికి అతుక్కుంటోంది, గీస్తే ఎర్రగా వస్తోంది: ఇది హెమటైటా, మాగ్నెటైటా?

ఎమ్మెస్సీ_ఫైనల్

మ్యూజియం బీరువాలో లేబుల్ ఊడిపోయిన రాయి ఒకటి నా వంతుకొచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంది. ఉక్కులా మెరిసే నల్ల పట్టీలు, వాటి మధ్య తెల్లటి క్వార్ట్జ్ పట్టీలు. అయస్కాంతం దగ్గరికి తెస్తే టక్కున పట్టుకుంటోంది. స్ట్రీక్ ప్లేట్ (గరుకు పింగాణీ పలక) మీద గీస్తే మాత్రం ఎరుపు కలిసిన గోధుమ రంగు వస్తోంది. అయస్కాంతాన్ని బట్టి మాగ్నెటైట్ అనాలి, గీతను బట్టి హెమటైట్ అనాలి, రెండూ ఇనుప ఆక్సైడ్లే. విశిష్ట గురుత్వం చూద్దామని తూస్తే గాల్లో 61.2 గ్రాములు, నీళ్లలో 46.2 గ్రాములు. లెక్క వేస్తే 4.08. ఇది రెండింటికీ సరిపోవడం లేదు. అంకె 4 దగ్గర ఉంది కాబట్టి గోథైట్ (నీళ్లు కలిసిన ఇనుప ఆక్సైడ్) అంటోంది నా పక్క బెంచీ అమ్మాయి. మోస్ కొలతలో గట్టిదనం 6 చుట్టూ ఉంది, దాంతో ఏమీ తేలడం లేదు. వైవాలో ఒక్క పేరే చెప్పమంటారు. ఏం రాయాలి?

ఎర్రమట్టి_82

హెమటైట్. గీత ఎర్రగా వచ్చాక ఇంకా చర్చ ఎందుకు?

కుద్రేముఖ్_బస్సు

టక్కున పట్టుకుందని రాశాడు కదా, అది చూడలేదా మీరు? హెమటైట్ అలా పట్టుకోదు. మాగ్నెటైటే.

పాలిష్_సెక్షన్

మీ ఇద్దరి మాటా నిజమే. ఒక్క పేరు కోసం పట్టుబడితేనే చిక్కు. పట్టీల ఇనుప రాళ్లలో రెండు ఖనిజాలూ ఒకే గింజలో కాపురం చేస్తాయి. ముందు పుట్టింది మాగ్నెటైట్. తర్వాత ఆక్సిజన్ తగిలి అంచుల నుంచి, పగుళ్ల వెంట హెమటైట్‌గా మారుతూ వస్తుంది. బయటి ఆకారం మాగ్నెటైట్‌దే ఉంటుంది, లోపలి పదార్థం మాత్రం హెమటైట్ అయిపోతుంది. దాన్నే మార్టైట్ అంటాం. మార్పు సగంలో ఆగిన రాయికి అయస్కాంతం అతుక్కుంటుంది, గీత ఎర్రగానూ వస్తుంది.

కాబట్టి అడగాల్సింది ఏ ఖనిజం అని కాదు, ఏది ఎంత ఉంది అని. అది చేతి పరీక్షలతో తేలదు, రిఫ్లెక్టెడ్ లైట్ మైక్రోస్కోప్ (పాలిష్ చేసిన ముఖం నుంచి తిరిగొచ్చే కాంతిలో చూసేది) కింద పెట్టాల్సిందే. అయితే చేతి పరీక్షలు కూడా సరిగ్గా చేశావో లేదో ముందు చూసుకో తమ్ముడూ. ప్లేట్ మీద రాయిలో ఏ భాగాన్ని గీశావు?

చేతిలెన్స్_పది

నాదీ అదే అనుమానం. పగిలిన పాత ముఖం మీద తుప్పు పొర ఉంటుంది. ఆ ముఖంతో గీస్తే ప్లేట్ మీద పడేది ఆ పొర రంగే. సుత్తితో కొత్త ముఖం తీసి, పదింతల లెన్స్‌లో చూసి, మెరిసే ఒక్క పట్టీని ఎంచుకుని దాని అంచుతోనే గీయాలి.

గీశాక అలా వదిలేయొద్దు. గీత మీద వేలితో గట్టిగా రుద్దు. స్పెక్యులరైట్ (రేకుల్లా మెరిసే హెమటైట్) రేకులు మొదట నల్లగానో, బూడిదగానో మెరుస్తాయి. నలిగి పొడి అయ్యాకే ఎర్ర రంగు బయటపడుతుంది. మాగ్నెటైట్‌ను ఎంత రుద్దినా నలుపు నలుపే. గోథైట్ అయితే పసుపు కలిసిన గోధుమ రంగు వస్తుంది, ఎరుపు రాదు. ఈ మెరిసే హెమటైట్ తీరు అదీ: పైకి నల్లని ఉక్కు, గీస్తే నెత్తురు.

ఇంకో సంగతి. ప్లేట్ గట్టిదనం 6.5–7 మధ్య ఉంటుంది, ఈ రెండు ఖనిజాలదీ 5.5–6.5. రాయిలో క్వార్ట్జ్ కూడా ఉంది కనుక అది తగిలితే ప్లేటే గీరుకుపోయి తెల్ల పొడి కలుస్తుంది, రంగు పలచబడి లేత ఎరుపులా కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే బఠాణీ గింజంత ముక్కను అగేట్ కల్వంలో నూరి, పొడిని తెల్ల కాగితం మీద పరిచి చూడు. ఇనుప కల్వం వద్దు.

తూకంరాయి

4.08 దగ్గరికి వద్దాం. శుద్ధ హెమటైట్ 5.26, మాగ్నెటైట్ 5.18, క్వార్ట్జ్ 2.65. రాయిలో క్వార్ట్జ్ పట్టీలు కళ్లకు కనిపిస్తుంటే మొత్తం రాయిని తూచి ఖనిజం పేరు తేల్చడం కుదరదు. నువ్వు కొలిచింది రాయి సాంద్రత. గోథైట్ 4.28 కనుక ఇది గోథైట్ అనడం యాదృచ్ఛికంగా అంకెలు కలవడమే.

పట్టీలు విడదీసి తూచినా ఈ పద్ధతిలో హెమటైట్, మాగ్నెటైట్ విడివడవు. తేడా 0.08 మాత్రమే. హెమటైట్‌లో పరిమాణం లెక్కన 3 శాతం క్వార్ట్జ్ కలిస్తే చాలు, 5.26 కాస్తా 5.18కి దిగుతుంది. కావాలంటే వేసి చూడండి: 0.97 రెట్లు 5.26, దానికి 0.03 రెట్లు 2.65 కలపండి.

అసలు నీ తూకంలోనే తప్పుందేమో. పొడి రాయిని నేరుగా నీళ్లలో వేలాడదీశావా? సందుల్లో గాలి నిలిచిపోతే నీళ్లలో బరువు తక్కువ చూపిస్తుంది, జవాబు దిగిపోతుంది. అరగంట మరిగించి, అదే నీళ్లలో చల్లారనిచ్చి, బుడగలు బ్రష్‌తో తుడిచి మళ్లీ తూయి. వేలాడదీసే దారం సన్నని నైలాన్‌ది వాడు. నూలు దారం నీళ్లు పీలుస్తుంది.

ఎర్రమట్టి_82

పాలిష్_సెక్షన్ గారి మాట ఒప్పుకుంటాను. కానీ కుద్రేముఖ్ అన్నా, అయస్కాంతం పట్టుకుంది కాబట్టి మాగ్నెటైటే అనేయడం ఈ రోజుల్లో చెల్లదు. ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నవి నియోడిమియం అయస్కాంతాలు. వాటికి హెమటైట్ పొడి కూడా కాస్త అంటుకుంటుంది. హెమటైట్ పూర్తిగా అయస్కాంత గుణం లేనిదేం కాదు, బలహీనంగా ఉంటుంది. మామూలు ఫెర్రైట్ అయస్కాంతంతో చూడాలి.

కుద్రేముఖ్_బస్సు

పొడికి ఆ మాట సరే. అరచేతి రాయే వచ్చి అతుక్కుంటే అది మాగ్నెటైట్ పనే. అయితే నేను పూర్తిగా మాగ్నెటైట్ అన్నది తొందరపాటే. కర్ణాటకలోని కుద్రేముఖ్ ఇనుప కొండల్లో కూడా ఎండావానలకు నానిన పైభాగపు ఖనిజంలో మాగ్నెటైట్ పక్కనే హెమటైట్ ఉంటుంది.

నల్లఇసుక_భీమిలి

అయస్కాంతాన్ని పల్చటి పాలిథీన్ సంచిలో పెట్టి వాడండి. సంచి లోంచి అయస్కాంతం తీసేస్తే గింజలు కింద రాలతాయి, శుభ్రం. నేరుగా ముంచితే మాగ్నెటైట్ ధూళి దాన్ని వదలదు, తర్వాతి శాంపిల్‌లో కూడా కలుస్తుంది.

భీమిలి ఇసుకలో ఇల్మెనైట్ (ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్) ఉంటుంది, మాగ్నెటైట్ కూడా ఉంటుంది. రెండూ నల్లనివే. ఫెర్రైట్ అయస్కాంతానికి ముందుగా లేచేది మాగ్నెటైట్. ఇల్మెనైట్ వెనకబడుతుంది. కానీ మాగ్నెటైట్ ఇరుక్కున్న ఇల్మెనైట్ గింజ కూడా లేస్తుంది. అందుకే పైకి లేచిందంతా మాగ్నెటైట్ అని తూకం వేసుకోవద్దు. ముద్దలో చిక్కుకుని వచ్చేవీ ఉంటాయి. కాగితం మీద పరిచి రెండు మూడుసార్లు మళ్లీ మళ్లీ ఎత్తాలి.

తూకంరాయి

సుత్తి, ఇనుప కల్వం నుంచి రాలిన ఉక్కు రజను కూడా అయస్కాంతానికి లేస్తుంది. లెన్స్‌లో చుట్లు తిరిగిన చెక్కుల్లా కనిపిస్తుంది. చేతిలెన్స్_పది గారు అగేట్ అన్నది అందుకే.

ఎమ్మెస్సీ_ఫైనల్

చెప్పినట్టే చేశాను. కొత్త ముఖం తీసి గీస్తే కొన్ని పట్టీల నుంచి ముదురు ఎరుపు, ఇంకొన్నింటి నుంచి దాదాపు నలుపు, చివర్లో ఎర్ర జీర. అగేట్‌లో నూరిన పొడి కాఫీ గింజల రంగులో ఉంది. పసుపు ఛాయ ఎక్కడా లేదు. మరిగించి తూస్తే నీళ్లలో 46.6 వచ్చింది. అంటే 61.2 భాగించు 14.6, జవాబు 4.19. నిజంగానే సందుల్లో గాలి ఉంది. పాలిష్ చేసుకుని మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్తున్నాను. ఏం చూడాలో చెప్పండి.

పాలిష్_సెక్షన్

ముందు ప్లేన్ పోలరైజ్డ్ కాంతిలో మెరుపు చూడు. ఆకుపచ్చ కాంతిలో, 546 నానోమీటర్ల దగ్గర, హెమటైట్ పడిన కాంతిలో 26 నుంచి 30 శాతం తిప్పి పంపుతుంది. మాగ్నెటైట్ 20 శాతం దగ్గర ఆగుతుంది. క్వార్ట్జ్ 5 శాతం కూడా పంపదు, కనుక నల్లటి ముదురు బూడిద రంగులో ఉంటుంది. రెండు ఖనిజాలూ పక్కపక్కన ఉన్న చోటే చూడాలి. హెమటైట్ కొద్దిగా నీలి ఛాయతో తెల్లగా, మాగ్నెటైట్ కాస్త గోధుమ, గులాబీ ఛాయతో బూడిదగా కనిపిస్తాయి. విడిగా చూస్తే కన్ను మోసపోతుంది. దగ్గర్లో పైరైట్ గింజ ఒకటి ఉంటే చాలు, ఆ 50 శాతం మెరుపు ముందు ఈ రెండూ మసిబారినట్టే ఉంటాయి.

తర్వాత పోలరైజర్లు క్రాస్ చేసి (ఒకదానికొకటి 90 డిగ్రీల్లో పెట్టి) స్టేజ్, అంటే రాయి పెట్టే పీట, తిప్పు. మాగ్నెటైట్ ఘనాకార వ్యవస్థకు చెందింది, ఎటు తిప్పినా చీకటిగానే ఉంటుంది. హెమటైట్ త్రికోణ వ్యవస్థది. 360 డిగ్రీల్లో నాలుగుసార్లు ఆరి వెలుగుతుంది. నీలి బూడిద నుంచి పసుపు బూడిదకు మారుతుంది. కొన్ని గింజల్లో జంట స్ఫటికాల చారలు కూడా బయటపడతాయి.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, జాగ్రత్త. హెమటైట్ గింజ దాని ప్రధాన అక్షానికి అడ్డంగా కోత పడితే అది కూడా తిప్పినా మారదు. స్పెక్యులరైట్ రేకులన్నీ ఒకే వైపు పడుకుని ఉన్న రాయిని ఆ రేకులకు సమాంతరంగా కోసి, అన్నీ చీకటిగా ఉన్నాయి కనుక మాగ్నెటైట్ అని రాసేసే వాళ్లున్నారు. పట్టీలకు అడ్డంగా కోయి.

మూడోది లోపలి మెరుపు, అదే ఇంటర్నల్ రిఫ్లెక్షన్. క్రాస్ చేసిన పోలరైజర్ల కింద హెమటైట్ గింజ అంచుల్లో, పగుళ్ల దగ్గర నెత్తుటి ఎరుపు మినుకుమంటుంది. మాగ్నెటైట్‌లో అలాంటిది ఉండదు. గాలిలో కనిపించకపోతే ఆయిల్ ఆబ్జెక్టివ్ పెట్టు. 1.515 వక్రీభవన గుణకం ఉన్న నూనెలో ఉపరితలపు మెరుపు సగానికి పడిపోతుంది, లోపలి ఎరుపు తేలుతుంది. దళసరి గింజలో అది కనపడకపోవచ్చు. ఎరుపు కనిపిస్తే మాగ్నెటైట్ కాదని ఖాయం, కనిపించనంత మాత్రాన హెమటైట్ కాదనలేం.

సానరాయి

ఆ ఎరుపు నిజమైనదేనా అని చూసుకోవాలి. చివరి పాలిష్‌కు రూజ్ వాడితే కొంప మునిగినట్టే. రూజ్ అంటే ఐరన్ ఆక్సైడ్, అంటే హెమటైట్ పొడే. అది సందుల్లో కూర్చుని మాగ్నెటైట్ చుట్టూ కూడా ఎర్రగా మినుకుతుంది. ఇనుప ఖనిజానికి వజ్రపు పేస్టు గానీ అల్యూమినా గానీ వాడాలి.

వరుస ఇది. సందులున్న రాయి కనుక ముందు వాక్యూమ్‌లో ఎపాక్సీ పీల్పించాలి. తర్వాత సిలికాన్ కార్బైడ్ 240, 400, 600, 1000. ప్రతి మెట్టుకూ 90 డిగ్రీలు తిప్పి, పాత గీతలు పూర్తిగా పోయాకే ముందుకెళ్లాలి. మధ్యలో అల్ట్రాసోనిక్‌లో కడగకపోతే 240 రవ్వ ఒక్కటి 1000 దాకా వెంట వచ్చి పని పాడు చేస్తుంది. ఆ పైన వజ్రం 6, 3, 1 మైక్రాన్. 6 మీద గట్టి గుడ్డ వేసి ఎక్కువ సమయం ఇవ్వండి. 1 మీద మెత్తటి గుడ్డతో కొద్ది నిమిషాలు చాలు. మెత్తటి గుడ్డ మీద అదే పనిగా తిప్పితే గట్టివి ఉబ్బెత్తుగా, మెత్తవి పల్లంగా తయారవుతాయి. హెమటైట్ రేకులు ఊడిపోయిన గుంటలు కూడా ఏర్పడతాయి. వాటిని క్వార్ట్జ్ అని లెక్కపెడితే శాతాలన్నీ తప్పు.

చేతిలెన్స్_పది

కొద్దిపాటి ఉబ్బు మేలే కదా? గట్టిదనం తేడా దాంతోనే తెలుస్తుంది.

సానరాయి

నిజమే, కొద్దిగా ఉంటే మేలు. చేత్తో గీసి చూస్తే రెండూ 5.5–6.5లోనే పడతాయి. వజ్రపు మొనతో నొక్కి చూసే విక్కర్స్ కొలతలో హెమటైట్ 1000 చుట్టూ, మాగ్నెటైట్ 700 చుట్టూ ఉంటాయి, అందుకే పాలిష్‌లో హెమటైట్ కాస్త ఎత్తుగా నిలుస్తుంది. రెండింటి సరిహద్దు మీద ఫోకస్ పెట్టి స్టేజ్‌ను నెమ్మదిగా దించితే అంచున ఉన్న సన్నని వెలుగు గీత మెత్తని ఖనిజం వైపు, అంటే మాగ్నెటైట్ వైపు జరుగుతుంది.

నల్లఇసుక_భీమిలి

మాగ్నెటైట్‌లో చారలు కనిపించగానే మార్టైట్ అనుకోవద్దు. ఇల్మెనైట్ కూడా మాగ్నెటైట్‌లో అవే అష్టముఖి తలాల వెంట జాలీలా పడుతుంది. తేడా మెరుపులో ఉంది. హెమటైట్ చార చుట్టూ ఉన్న మాగ్నెటైట్ కన్నా తెల్లగా ఉంటుంది. ఇల్మెనైట్ చార గోధుమ గులాబీ రంగులో, మాగ్నెటైట్ కన్నా ఎక్కువ మెరవకుండా ఉంటుంది.

ఎమ్మెస్సీ_ఫైనల్

చూశాను! ఒక గింజ గురించి చెప్పి తీరాలి. మధ్యలో గులాబీ బూడిద ముక్క, దాని చుట్టూ తెల్లటి అంచు. ఆ అంచు నుంచి తెల్ల చారలు లోపలికి మూడు దిక్కుల్లో చొచ్చుకుపోయి, మధ్యలో చిన్న చిన్న ముక్కోణాలు మిగిల్చాయి. క్రాస్ చేసి తిప్పితే ముక్కోణాలు చీకటిగానే ఉన్నాయి, చారలు మాత్రం ఒక దిక్కువి వెలిగితే ఇంకో దిక్కువి ఆరుతున్నాయి. నూనెలో ఒక పగులు అంచున దానిమ్మ గింజంత ఎరుపు కనిపించింది.

ఒక్క అనుమానం. మాగ్నెటైట్ ముక్క కూడా పూర్తి చీకటి కాలేదు, తిప్పుతుంటే కొద్దిగా మారినట్టుంది.

పాలిష్_సెక్షన్

అచ్చమైన మార్టైట్ అది! ఆ ముక్కోణాలే అష్టముఖి తలాల ఆనవాళ్లు.

మాగ్నెటైట్ మారడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఆబ్జెక్టివ్‌లో ఒత్తిడి ఉంటే, లేదా పోలరైజర్లు సరిగ్గా 90 డిగ్రీల్లో లేకపోతే అలా కనిపిస్తుంది. నీకు నమ్మకమున్న పైరైట్ సెక్షన్ పెట్టి తిప్పు. అదీ మారితే దోషం మైక్రోస్కోప్‌ది. పైరైట్ స్థిరంగా ఉంటే, మాగ్నెటైట్‌కే అప్పుడప్పుడు ఉండే బలహీనమైన అసాధారణ గుణం అది. హెమటైట్ మార్పుతో పోలిస్తే చాలా తక్కువ.

ఇప్పుడు లెక్కపెట్టు. సమాన దూరంలో కనీసం 500 పాయింట్ల దగ్గర ఏ ఖనిజం ఉందో చూడు, పట్టీలకు అడ్డంగా. ఒకే పట్టీ వెంట నడిస్తే ఆ పట్టీ శాతమే వస్తుంది.

రెండు_తీటా

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాల వివర్తన పరీక్ష) చేయిస్తావేమో, అందరూ పొరబడే చోటు ఒకటుంది. కాపర్ ట్యూబుతో మాగ్నెటైట్ అతి పెద్ద శిఖరం 35.5 డిగ్రీల దగ్గర వస్తుంది. హెమటైట్ రెండో పెద్ద శిఖరం 35.6 దగ్గర. రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. దాన్ని చూసి ఏదీ తేల్చకు. హెమటైట్‌కు 33.15, మాగ్నెటైట్‌కు 30.1 చూడు. అవి విడిగా ఉంటాయి. అయితే మాగ్‌హెమైట్ (మాగ్నెటైట్ లాంటి నిర్మాణమున్న ఫెర్రిక్ ఆక్సైడ్) కూడా 30.2 దగ్గరే వస్తుంది, అదీ అయస్కాంతానికి లేస్తుంది, అదీ మనసులో పెట్టుకో. కాపర్ కిరణాలకు ఇనుము ఫ్లోరెసెన్స్ ఇచ్చి వెనక నేపథ్యం పెరిగిపోతుంది. మోనోక్రోమేటర్ ఉన్న యంత్రమో, కోబాల్ట్ ట్యూబో దొరికితే మంచిది. కోబాల్ట్ అయితే నేను చెప్పిన కోణాలన్నీ మారతాయి.

డైక్రోమేట్

ఎక్స్‌ఆర్‌డీ లేకపోయినా పరీక్ష నాళికతో తేలే పని ఇది. మాగ్నెటైట్‌లో ఫెర్రస్ ఆక్సైడ్ 31.03 శాతం, శుద్ధ హెమటైట్‌లో సున్నా. ఫెర్రస్ తీసి 31.03తో భాగిస్తే మాగ్నెటైట్ బరువు శాతం వచ్చేస్తుంది. అర గ్రాము పొడిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించాలి. చిటికెడు సోడియం బైకార్బొనేట్ వేస్తే కార్బన్ డై ఆక్సైడ్ పుట్టి గాలిని బయట ఉంచుతుంది. గాలి తగిలితే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతుంది, మాగ్నెటైట్ తక్కువ చూపిస్తుంది. చల్లార్చి, ఫాస్ఫారిక్ ఆమ్లం చేర్చి, బేరియం డైఫినైలమీన్ సల్ఫొనేట్ సూచికతో పొటాషియం డైక్రోమేట్ టైట్రేషన్. ఊదా రంగు నిలవగానే ఆపు. ఉక్కు రజను కలిస్తే మాత్రం ఫెర్రస్ ఎక్కువ చూపిస్తుంది. సిడరైట్ (ఇనుప కార్బొనేట్), ఫెర్రస్ సిలికేట్లు ఉన్నా అంతే, కనుక మైక్రోస్కోప్ చూసిన తర్వాతే ఈ లెక్క నమ్మాలి.

కుద్రేముఖ్_బస్సు

కొలిమిలో కాల్చినా తెలుస్తుంది. గోథైట్ నీళ్లు పోగొట్టుకుని 10 శాతం బరువు తగ్గుతుంది. మాగ్నెటైట్ ఆక్సిజన్ తీసుకుని హెమటైట్ అవుతూ 3.45 శాతం పెరుగుతుంది. ఇగ్నిషన్ లాస్ (కాల్చినప్పుడు తగ్గే బరువు) మైనస్‌లో వచ్చిందని ల్యాబ్ వాళ్లు రిపోర్టు దిద్దేస్తుంటారు. అది తప్పు కాదు, మాగ్నెటైట్ ఉందనడానికి సాక్ష్యం. దిద్దనివ్వకండి.

ఎమ్మెస్సీ_ఫైనల్

పైరైట్ స్థిరంగానే ఉంది, కనుక మైక్రోస్కోప్ బాగానే ఉంది. గుంటలు వదిలేసి 500 పాయింట్లు లెక్కపెట్టాను: హెమటైట్ 210, మాగ్నెటైట్ 90, క్వార్ట్జ్ 200. అంటే 42, 18, 40 శాతం. ఫెర్రస్ ఆక్సైడ్ 7.1 వచ్చింది.

తూకంరాయి

అబ్బ, ఎంత చక్కగా కలిశాయో చూడు. 42 రెట్లు 5.26, 18 రెట్లు 5.18, 40 రెట్లు 2.65, కూడితే 420. నూరుతో భాగిస్తే 4.20. నువ్వు మరిగించి తూచింది 4.19. ఇందులో మాగ్నెటైట్ బరువు వాటా 22.2 శాతం. డైక్రోమేట్ గారి దారిలో 7.1ని 31.03తో భాగిస్తే 22.9. నువ్వు 500 పాయింట్లే లెక్కపెట్టావు కనుక ఆ 18కి అటూ ఇటూ 3.4 దాకా తేడా ఉండొచ్చు. ఆ హద్దులోనే ఉంది.

ఎర్రమట్టి_82

మొత్తం రాయిలో ఇనుము 52.8 శాతం వస్తోంది. ఇంతకీ లేబుల్ మీద ఏం రాయాలి? ఏ ఊరిదో తెలిస్తే సగం పని తీరేది. బయ్యారం, ఓబుళాపురం అంటే హెమటైట్ అని, ఒంగోలు వైపు కొండలంటే మాగ్నెటైట్ క్వార్ట్జైట్ అని ముందే ఒక అంచనా ఉండేది.

పాలిష్_సెక్షన్

ఊరు ఊహించి రాయొద్దు. "పట్టీల ఇనుప రాయి, హెమటైట్, ఎక్కువ భాగం మార్టైట్, మిగిలిన మాగ్నెటైట్, క్వార్ట్జ్. దొరికిన చోటు తెలియదు" అని రాసి, 42, 18, 40 కింద వేసి, పాలిష్ సెక్షన్ నంబరు కలుపు. వైవాలో ఒక్క పేరే కావాలంటే మార్టైటైజ్డ్ మాగ్నెటైట్ అని చెప్పి ఆ ముక్కోణాల గింజను ఫోకస్‌లో పెట్టి చూపించు. లేబుల్‌ను రాయికి జిగురుతో అంటించకు. చిన్న తెల్ల రంగు మచ్చ పెట్టి దాని మీద ఇండియన్ ఇంకుతో నంబరు వేసి, ఆరాక పైన వార్నిష్ పూయి. ఈసారి ఊడదు.

ఎమ్మెస్సీ_ఫైనల్

అలాగే చేస్తాను. మచ్చ క్వార్ట్జ్ పట్టీ మీద పెడుతున్నాను, ఇనుప పట్టీ ముఖం చూడ్డానికి అలాగే ఉంటుంది.